ఊరికి మంచినీళ్లు, మరుగుదొడ్లు: చందాలు పోగుచేసేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది పశ్చిమ ప్రకాశం, కనిగిరి వైపు. ఊరి నుంచి బయటికొచ్చి స్థిరపడ్డవాళ్లం పది పన్నెండు మందిమి చందాలు పోగుచేసి మొదట ఒక మంచినీళ్ల ప్లాంటు పెట్టించాం, తర్వాత హైస్కూల్లో ఆడపిల్లలకు మరుగుదొడ్లు కట్టించాం. ప్లాంటు రెండేళ్లకే మూతపడింది. మళ్లీ తెరిపించడానికి ఇంకో ఏడాది పట్టింది. అప్పటి నుంచి పక్క ఊళ్లవాళ్లు, హైదరాబాదులో, డాలస్‌లో ఉన్న వాళ్ల పిల్లలు ఫోన్ చేసి అవే సందేహాలు అడుగుతున్నారు. అందరికీ ఒకచోట ఉంటుందని రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## మొదలుపెట్టే ముందు

మా ఊళ్లో నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆర్‌ఓ ప్లాంటు పెట్టించేస్తే పోదా?

ముందు నీళ్లను పరీక్షకు పంపండి. నాలుకకు తగిలే ఉప్పదనం ఒకటి, ఒంటికి హాని చేసేది ఇంకొకటి కావచ్చు. ఫ్లోరైడ్‌కు రంగూ లేదు, రుచీ లేదు. పళ్లను, ఎముకలను దెబ్బతీసే ఫ్లోరోసిస్ జబ్బును దేశంలో మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. అప్పటిదాకా తరతరాలు ఆ నీళ్లే తాగాయి, పళ్ల మీద గారను, వంగిన నడుములను తలరాత అనుకున్నాయి.

తాగునీటికి మన దేశంలో ఉన్న ప్రమాణం ఐఎస్ 10500. దాని ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 దాకా సర్దుకోవచ్చు. టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాల మొత్తం, 500, గత్యంతరం లేకపోతే 2000. నైట్రేట్ 45. ప్లాంటు అమ్మేవాళ్లు పెన్నులాంటి మీటరు గ్లాసులో ముంచి "చూశారా, 900 ఉంది" అని భయపెడతారు. ఆ మీటరు ఫ్లోరైడ్‌ను చూపదు, క్రిములనూ చూపదు.

ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) ల్యాబులో పరీక్ష చేస్తారు. బోరును ఐదు నిమిషాలు వదిలేసి, శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అదే నీళ్లతో మూడుసార్లు తొలిచి నింపండి. ఏ బోరు, ఏ తేదీ అన్నది సీసా మీదే రాయండి. క్రిముల పరీక్షకైతే ల్యాబువాళ్లు ఇచ్చే సీసానే వాడాలి, దాన్ని కడగకూడదు, అదే రోజు చేర్చాలి. నడివేసవిలో ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి చేయించండి. సమస్య ఒక్క క్రిములతోనే అయితే ట్యాంకు కడిగించి క్లోరిన్ కలిపితే చాలు. ఆర్‌ఓ దండగ.

కాచి చల్లార్చుకుని తాగితే సరిపోదా? ఈ ఖర్చంతా ఎందుకు?

క్రిములకు సరిపోతుంది. ఫ్లోరైడ్‌కు సరిపోదు, పైగా నీళ్లు ఆవిరై మిగిలినదాంట్లో ఫ్లోరైడ్ పాళ్లు ఇంకాస్త పెరుగుతాయి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను కిందికి దించే పద్ధతి ఒకటి ఉంది, దాని పేరే నల్గొండ పద్ధతి. నాగపూర్‌లోని నీరి సంస్థవాళ్లు రూపొందించారు. చవకైనదే, కానీ రోజూ పాళ్లు తప్పకుండా కలిపే మనిషి కావాలి, అడుగున చేరే మడ్డిని జాగ్రత్తగా పారేయాలి. అన్నిటికన్నా మేలు నది నీళ్లు రావడం.

ప్రభుత్వం ఇంటింటికీ కుళాయి ఇస్తోంది కదా, మనం చందాలు ఎందుకు ఎత్తాలి?

కొన్ని ఊళ్లలో అవసరం లేదు, నిజంగానే. తెలంగాణలో మిషన్ భగీరథ 2016లో మొదలైంది, 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లు లెక్కగా పెట్టుకుంది. మీ ఊరికి నది నీళ్లు సరిగ్గా వస్తుంటే ప్లాంటు మాట మరిచిపోండి. కుళాయి ఉంది సరే, నీళ్లు వారానికి ఎన్ని రోజులొస్తున్నాయి, చివరి వీధికి ఎక్కుతున్నాయా, ట్యాంకు ఆఖరుసారి ఎప్పుడు కడిగారు? ఇవి కనుక్కోండి. కొన్నిచోట్ల పగిలిన పైపు మార్పించడం, ట్యాంకు నిచ్చెన బాగుచేయించడం లాంటి చిన్న పనే కొత్త ప్లాంటు కన్నా ఎక్కువ మందికి పనికొస్తుంది. శిలాఫలకానికి మాత్రం అందులో చోటుండదు, అదొక్కటే లోటు.

గుడికైతే గంటలో ఇస్తారు, మరుగుదొడ్డి అంటే మొహం తిప్పుకుంటున్నారు. ఎలా అడగాలి?

మాకూ అదే అయింది. "స్కూల్లో పారిశుద్ధ్య వసతుల అభివృద్ధి" అని వాట్సాప్ గ్రూపులో పెడితే వారంలో రెండు చేతులు జోడించిన బొమ్మలు, ఒక బొటనవేలు వచ్చాయి. డబ్బు రాలేదు.

తర్వాత మాలో ఒకావిడ స్కూలుకు వెళ్లి ఒక పూట కూర్చుంది. ఆడపిల్లల దొడ్డికి తలుపుంది, లోపల గడియ లేదు. ఒకమ్మాయి లోపలికి వెళ్తే ఇంకొకమ్మాయి బయట తలుపు పట్టుకుని నిలబడాలి. మధ్యాహ్నం అన్నానికి ముందు పిల్లలు మంచినీళ్లు తాగడం లేదు, ఎందుకమ్మా అంటే ముసిముసిగా నవ్వి ఊరుకున్నారు. ఆవిడ ఆ గడియ లేని తలుపు ఫోటో తీసి, జరిగింది నాలుగు లైన్లలో రాసి పెట్టింది. పిల్లల ఫోటోలు ఒక్కటీ పెట్టలేదు. ఆ రాత్రి నుంచే డబ్బు రావడం మొదలైంది.

ఇంకో చిక్కు ఉంది. అమ్మానాన్నల పేరు మరుగుదొడ్డి గోడ మీద రాయించుకోవడానికి ఎవరూ ఇష్టపడరు. తప్పు పట్టనక్కర్లేదు. పక్కనే చేతులు కడుక్కునే కుళాయిల వరస, నీళ్ల ట్యాంకు కూడా కలిపి ఎస్టిమేటు వేయించండి. పేర్లు ట్యాంకు మీదికి వెళ్తాయి, పని మొత్తం పూర్తవుతుంది.

బయటున్న మనం ఇస్తున్నాం కదా, ఊళ్లోవాళ్ల దగ్గర కూడా వసూలు చేయాలా?

తప్పకుండా, అదీ మనకన్నా ముందు. మొదటి ప్లాంటుకు మేం ఊళ్లో పైసా అడగలేదు, అది గొప్ప అనుకున్నాం. మోటారు కాలిపోయిన రోజు "అది అమెరికావాళ్ల ప్లాంటు, వాళ్లకు చెప్పండి" అన్నారు. రెండోసారి ఇంటికి ఇంత అని పెట్టాం, ఇవ్వలేనివాళ్లు రెండు రోజులు పని చేశారు. ఊళ్లో సగం ఇళ్లు డబ్బు కట్టేదాకా బయట చందా పిలుపే ఇవ్వలేదు. ఇప్పుడు లీటరు నీళ్లు వృథాగా పోతే అడిగేవాళ్లు నలుగురున్నారు.

## డబ్బు, కాగితాలు

చందాలన్నీ నా ఫోన్‌పేకి వేయించుకుని తర్వాత లెక్క చూపిస్తే సరిపోతుందా?

వద్దు. బంధువులు కానివాళ్ల నుంచి ఏడాదిలో వచ్చిన డబ్బు మొత్తం 50 వేలు దాటితే ఆదాయపు పన్ను లెక్కలో అది మీ ఆదాయం కింద చేరే ప్రమాదం ఉంది. పన్ను సంగతి అటుంచి, మీ ఇంట్లో పాలవాడికి కట్టిన డబ్బు, ఊరి సిమెంటు డబ్బు ఒకే స్టేట్‌మెంటులో కనిపిస్తే మీ నిజాయితీ మీకే నిరూపించుకోవడం కష్టం. సంస్థ పేరున విడిగా ఖాతా, ఇద్దరు సంతకాలు పెడితేనే డబ్బు బయటికొచ్చే ఏర్పాటు ఉండాలి. ఆ ఇద్దరు ఒకే ఇంటివాళ్లు కాకూడదు.

ట్రస్టు పెట్టాలా, సొసైటీ పెట్టాలా?

ఒక్క పని కోసమైతే ఏదీ పెట్టకండి. ఇప్పటికే రిజిస్టరై, ఏటా ఆడిట్ చేయించే సంస్థ మీ ప్రాంతంలో ఉంటే దానితో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోండి. ఏళ్లతరబడి చేసే ఉద్దేశం ఉంటే సొసైటీ మేలని నా అభిప్రాయం. 2001 సొసైటీల చట్టం ప్రకారం కనీసం ఏడుగురు కావాలి. ఏడుగురిని కూడగట్టలేనివాళ్లం ప్లాంటు ఏం నడుపుతాం?

చందా ఇస్తే 80జీ కింద పన్ను మినహాయింపు వస్తుందా అని అడుగుతున్నారు. ఏం చెప్పాలి?

సంస్థకు ఆ అనుమతి ఉంటేనే వస్తుందని చెప్పండి. మామూలుగా ఇచ్చినదాంట్లో సగానికి, అదీ ఆదాయాన్ని బట్టి ఉండే పరిమితికి లోబడి మినహాయింపు దొరుకుతుంది. నగదుగా 2,000 రూపాయలు దాటి ఇస్తే దొరకదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకు అసలు వర్తించదు, ఈ సంగతి తెలియక చాలామంది తర్వాత మన మీద విసుక్కుంటారు. మామూలు రసీదు చాలదు, సంస్థ ఆన్‌లైన్లో వివరాలు దాఖలు చేసి 10బీఈ అనే సర్టిఫికెట్ ఇవ్వాలి. దానికి దాత పాన్ నంబరు ముందే తీసుకోండి, మార్చి తర్వాత ఫోన్లు చేస్తూ కూర్చోవద్దు.

అమెరికాలో ఉన్న మా పెదనాన్న కొడుకు పది లక్షలు పంపుతానంటున్నాడు. నేరుగా మా సొసైటీ ఖాతాలో వేయమనొచ్చా?

ముందు ఆయన పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగండి. అడగడానికి ఇబ్బందిగానే ఉంటుంది, అయినా అడగాలి.

ఇండియన్ పాస్‌పోర్టే ఉండి, సొంత సంపాదనలోంచి, బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు మీద వస్తూపోతూ ఉన్నవాడైతే, మనకు అన్నే అయినా, చట్టం దృష్టిలో విదేశీయుడే. అప్పుడు డబ్బు తీసుకునే సంస్థకు ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండి తీరాలి, డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. కొత్తగా పెట్టిన సొసైటీకి ఆ రిజిస్ట్రేషన్ రాదు. మూడేళ్ల పని, ఖర్చు చూపించాలి.

"ఎఫ్‌సీఆర్ఏ ఉన్న పెద్ద సంస్థకు వేయిస్తాం, వాళ్లు మాకు బదిలీ చేస్తారు" అనేవాళ్లున్నారు. 2020 సవరణతో ఆ దారి మూసేశారు, ఒక సంస్థ విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకు ఇవ్వకూడదు. కాబట్టి ఆ పెద్ద సంస్థే మీ ఊళ్లో పని చేయాలి, బిల్లులు వాళ్ల పేరునే ఉండాలి, మీరు పక్కనుండి చేయించుకోవాలి. ఊళ్లో ఉన్న నాన్న ఖాతాకు పంపించి ఆయన చేత ఇప్పించడం లాంటి దొడ్డిదారులు వద్దు. ఇరుక్కునేది ఆ పెద్దాయనే.

అక్కడి కంపెనీలు మనం ఇచ్చినంతా అవి కూడా ఇస్తాయట, నిజమేనా?

చాలా పెద్ద కంపెనీలు ఇస్తాయి, కానీ సాధారణంగా అక్కడి చట్టం కింద లాభాపేక్ష లేని సంస్థగా గుర్తింపు ఉన్నవాటికే. అందుకే అక్కడ రిజిస్టరైన తెలుగు సంఘమో, సేవా సంస్థో మధ్యలో కావాలి. వాళ్ల పద్ధతి, వాళ్లు పట్టుకునే ఖర్చుల శాతం, డబ్బు చేరడానికి పట్టే నెలలు ముందే తెలుసుకుని మేస్త్రీకి మాటివ్వండి.

సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) కింద కంపెనీని అడిగితే?

అడగండి. తాగునీరు, పారిశుద్ధ్యం కంపెనీల చట్టంలోని జాబితాలోనే ఉన్నాయి. పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఇలాంటి పనులకు ఖర్చు పెట్టాలి. అయితే తీసుకునే సంస్థ సీఎస్ఆర్-1 ఫారంతో నమోదై ఉండాలి. సాధారణంగా వాళ్లు తమ ఫ్యాక్టరీ చుట్టుపక్కల ఊళ్లకే ముందు ఇస్తారు, కాబట్టి మీ మండలంలో ఏ క్వారీ, ఏ సోలార్ ప్లాంటు ఉందో చూసుకుని వెళ్లండి.

మొత్తం ఎంత లక్ష్యం పెట్టుకోవాలి?

కట్టడానికయ్యే ఖర్చు, దానికి పైన మూడేళ్లు నడపడానికయ్యే లోటు, రెండూ కలిపి. అందరూ మొదటిదే వేస్తారు. షెడ్డు, మిషను, బోరు, కరెంటు కనెక్షను దగ్గర లెక్క ఆగిపోతుంది. మెంబ్రేన్లు (ఆర్‌ఓలో నీళ్లను శుద్ధిచేసే పొరలు) రెండు మూడేళ్లకు మార్చాలి, ఫిల్టర్లు నెలల్లోనే, మోటారు ఎప్పుడు కాలుతుందో దానిష్టం. ఈ సొమ్మును మొదటే అడిగి, వేరే ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పెట్టండి. ప్రారంభోత్సవం నాడు ఉన్న ఊపు రెండో ఏడాది మెంబ్రేన్లకు అడిగేటప్పుడు ఉండదు. "పాత ప్లాంటు రిపేరుకు" అంటే గ్రూపులో ఎవరూ మెసేజ్ కూడా చదవరు.

వాట్సాప్‌లో ఏం రాయాలి?

పొడుగ్గా వద్దు. మేం రెండోసారి రాసింది ఇంచుమించు ఇలా ఉంది: "మన ఊరి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉండాల్సినదానికి రెట్టింపు ఉంది, ల్యాబు రిపోర్టు కింద పెట్టాం. ప్లాంటు మూతపడింది, తప్పు మాదే, కారణాలు ఇవీ. ఈసారి ఊళ్లో 140 ఇళ్లవాళ్లు తమ వాటా కట్టారు. మిగతాది మనం వేసుకోవాలి. ఎంత వచ్చిందీ, ఎంత ఖర్చయిందీ ప్రతి ఆదివారం రాత్రి ఇక్కడే పెడతాం." ఇచ్చినవాళ్ల పేర్లు పెట్టాం, అంకెలు పెట్టలేదు. వెయ్యి ఇచ్చిన కూలి మనిషి, లక్ష ఇచ్చిన ఇంజనీరు ఒకే వరసలో ఉన్నారు. కొందరు పెద్ద దాతలకు నచ్చలేదు. పర్వాలేదు.

## కట్టేటప్పుడు

ప్లాంటుకు స్థలం మా బాబాయి ఇస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?

పంచాయతీ పేరున రిజిస్ట్రేషన్ చేసిస్తే తీసుకోండి, నోటిమాట మీద వద్దు. మా మొదటి షెడ్డు ఒక దాత పెరటి మూలన కట్టాం. ఆయన మంచివాడే, కానీ ఊళ్లో సగం మంది ఆయన వాకిట్లోకి క్యాను పట్టుకుని రావడానికి మొహమాటపడ్డారు, ఆయనతో మాటల్లేనివాళ్లు అసలు రాలేదు. అన్ని వాడలవాళ్లూ జంకు లేకుండా వచ్చే చోటు చూడండి, బడి దగ్గరో, పంచాయతీ ఆఫీసు పక్కనో. గ్రామసభలో తీర్మానం చేయించి, కాపీ మీద కార్యదర్శి సంతకం తీసుకోండి. అందులో స్థలం ఎవరిది, కరెంటు మీటరు ఎవరి పేరున, చెడిపోతే బాధ్యత ఎవరిది అన్న మూడూ ఉండాలి. ఎన్నికల నోటిఫికేషన్ వచ్చే రోజుల్లో ప్రారంభోత్సవం పెట్టుకోకండి, ఏదో ఒక పార్టీ ఖాతాలో పడుతుంది.

ఇంటింటికీ మరుగుదొడ్డి కట్టిద్దామనుకుంటున్నాం. సెప్టిక్ ట్యాంకా, గుంతలా?

పల్లెలో రెండు గుంతల దొడ్డి చాలు, సెప్టిక్ ట్యాంకు కన్నా చవక. చిల్లులున్న సిమెంటు వరలు దింపి రెండు గుంతలు, మధ్యలో వై ఆకారంలో చిన్న చాంబరు. ఒకవైపు మూసి ఒక గుంతనే వాడతారు. అయిదుగురున్న ఇంటికి అది నిండటానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. అప్పుడు రెండోదానికి మళ్లిస్తే, రెండేళ్లలో మొదటిదాంట్లోది వాసన లేని ఎరువై పొడిమట్టిలా వస్తుంది, ఇంటివాళ్లే పారతో తీసుకోవచ్చు. సెప్టిక్ ట్యాంకు నిండితే మండలకేంద్రం నుంచి ట్యాంకరు రావాలి, రాకపోతే ఎవరో ఒక పేదవాణ్ణి లోపలికి దించుతారు. 2013 చట్టం దాన్ని నిషేధించింది, అయినా ప్రాణాలు పోతూనే ఉన్నాయి.

స్నానాల నీళ్లు గుంతలోకి వదలొద్దు. తాగునీటి బోరుకు, బావికి కనీసం పది మీటర్ల దూరం ఉండాలి. నల్లరేగడి నేలలో నీరు ఇంకదు, గుంత పెద్దది తవ్వి వరల చుట్టూ ఇసుక పోయించాలి. మేస్త్రీ "ఒకటే లోతుగా తీసేద్దాం సార్" అంటాడు, ఒప్పుకోకండి.

స్వచ్ఛ భారత్‌లో 12 వేలు ఇస్తారు కదా, చందా డబ్బు దేనికి?

ఆ డబ్బు చాలావరకు కట్టాక వస్తుంది, కట్టడానికి పేదింట్లో చేతిలో ఉండదు. చందా సొమ్మును ఇక్కడ తిరిగే పెట్టుబడిలా వాడొచ్చు. అర్హత ఉన్న ఇంటికి ముందు మనం సర్దితే, పథకం డబ్బు పడ్డాక వాళ్లు తిరిగిస్తారు, అది ఇంకో ఇంటికి వెళ్తుంది. పథకం కింద ఎవరికి ఇస్తున్నారో ఎంపీడీఓ ఆఫీసులో కనుక్కుని మొదలుపెట్టండి.

బళ్లో కట్టించేటప్పుడు దేన్ని మరిచిపోతుంటారు?

నీళ్లు, గడియ, కొక్కెం, మూత ఉన్న చెత్తబుట్ట. టైల్స్ మీద పెట్టిన డబ్బు తగ్గించి వీటి మీద పెట్టండి. రోజూ ఎవరు కడుగుతారు, జీతం ఎవరిస్తారు అన్నది హెచ్ఎంతో కూర్చుని కాగితం మీద రాసుకున్నాకే పునాది తీయండి.

## నడిపేటప్పుడు

మంచినీళ్లు అమ్ముకోవడం పాపం కాదా? ఉచితంగా ఇవ్వకూడదా?

చలివేంద్రం వేసవి రెండు నెలలే నడుస్తుంది కాబట్టి ఉచితంగా నడుస్తుంది. ప్లాంటు ఏడాది పొడుగునా నడవాలి. ఒక లెక్క చూడండి. రోజుకు 200 క్యాన్లు పోతాయనుకుందాం. క్యాను 2 రూపాయలైతే నెలకు 12 వేలు, ఆపరేటరు జీతం ఇచ్చి కరెంటు బిల్లు కట్టేసరికి ఏమీ మిగలదు. 5 రూపాయలైతే 30 వేలు, అప్పుడు మెంబ్రేన్లకు నెలనెలా కొంత పక్కన పెట్టొచ్చు. మా ప్లాంటు మూతపడింది నీళ్లు లేక కాదు, మిషను చెడిపోయీ కాదు. ఉచితం అని బోర్డు రాయించాం, మూడు నెలల కరెంటు బిల్లు ఎవరూ కట్టలేదు, ఫ్యూజు పీకేశారు. ఇప్పుడు డబ్బు తీసుకుంటున్నాం. బడికి, అంగన్‌వాడీకి, ఒంటరి ముసలివాళ్లకు మాత్రం తీసుకోం. ఆ పేర్లు ఆపరేటరుకే తెలుసు, గోడ మీద అంటించం.

ప్లాంటులోంచి బయటికొచ్చే వ్యర్థ నీళ్లను ఏం చేయాలి?

ఇలాంటి ప్లాంట్లలో సుమారు సగం నీళ్లు బయటికే పోతాయి. లోపల వదిలించిన ఫ్లోరైడ్, లవణాలు అందులోనే ఉంటాయి కాబట్టి బోరులో ఉన్నదానికి దాదాపు రెట్టింపు పాళ్లు తేలతాయి. మళ్లీ బోరులోకో, చెరువులోకో వదలకండి. పశువుల తొట్టికి అసలే వద్దు, ఫ్లోరోసిస్ గేదెలకూ వస్తుంది. ఒక ట్యాంకు కట్టి బడి మరుగుదొడ్లలో పోయడానికి, ఆఫీసు గచ్చు కడగడానికి వాడండి.

దాతలకు లెక్కలు ఎన్నాళ్లు పంపాలి?

ప్లాంటు నడిచినన్నాళ్లూ. నెలకు ఒక ఫోటో చాలు, కరెంటు బిల్లు రసీదు, క్యాన్ల పుస్తకంలో ఆ నెల పేజీ. ఆరు నెలలకోసారి శుద్ధి చేసిన నీళ్ల ల్యాబు రిపోర్టు. మంచి వార్తలే పంపకండి. "ఈ నెల నాలుగు రోజులు మోటారు పనిచేయలేదు" అని రాసినప్పుడే ఒక దాత తనంతట తాను స్పేర్ మోటారు కొనిచ్చాడు.

పాత ప్లాంటు తాళం వేసి ఉంది. దానికి మళ్లీ చందా అడిగితే ఎవరైనా ఇస్తారా?

ఇస్తారు, ఎందుకు మూతపడిందో దాచకుండా చెబితే. ముందు టెక్నీషియన్‌ను పిలిచి ఏం పనికొస్తుందో చూడమనండి. నెలల తరబడి ఎండిపోయిన మెంబ్రేన్లు ఇక పనికిరావు. ట్యాంకులు, షెడ్డు, బోరు బాగానే ఉండొచ్చు. టెక్నీషియన్ రాసిచ్చిన కాగితం, కరెంటు బకాయి ఎంతో చూపే కాగితం, రెండూ చేతిలో పెట్టుకుని గ్రామసభలో కూర్చోండి. బకాయి ఊరే కట్టాలి, మెంబ్రేన్లు మీరు కొనిస్తామనండి. మా ఊళ్లో ఆ మాట మీద గంటన్నర వాదులాట జరిగింది. చివరికి బకాయి మొత్తం చిల్లరతో సహా పోగుచేసి ఒక స్టీలు టిఫిన్ డబ్బాలో తెచ్చిచ్చింది డ్వాక్రా సంఘం లీడరు. తాళంచెవి ఇప్పటికీ ఆవిడ దగ్గరే ఉంది.